ప్రెసిడెంటు గారి వన్స్‌మోర్

"క్షమించెయ్యాలమ్మా, అన్నీ మనసులో పెట్టుకోకూడదు" అని నాకు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని మరీ చెబుతారు. నేను తల ఊపుతాను. ఈ వయసులో ఊరికే వాదన దేనికని. కానీ ఒక మనిషిని మాత్రం నేను క్షమించలేదు. అతను పోయి చాలా ఏళ్లయింది. పోయాడని కబురొచ్చిన పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అతను మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, మిరప చేల వెంట లోపలికి రెండు మైళ్లు నడిస్తే వస్తుంది మా ఊరు. పేరు రాయను. అతని మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లు నాకేం చెయ్యలేదు, వాళ్లతో నాకు పని లేదు.

మా నాన్న ఆ ఊరి ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. హెడ్మాస్టరంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. ఆయన కింద ఇంకొక్క మాస్టారు, రెండు గదులు, ఒక వరండా. నాన్న గూడెంలో పుట్టి, మిషను బడిలో చదువుకుని, పద్యం మీద మోజుతో ఛందస్సు నేర్చుకున్నాడు. "గూడెం వాడికి పద్యమేంటయ్యా" అన్న పెద్దమనుషులే ఆయన గొంతెత్తితే పొగాకు చుట్ట ఆర్పేసి వినేవాళ్లు. ఆయన ఒక నాటకం కూడా రాశాడు. నిద్రపోతున్న రాజుని చంపి ఒక దళవాయి, అంటే సేనాపతి, సింహాసనం ఎక్కుతాడు. ఎక్కాక చెయ్యకూడని పనులన్నీ చేసి, ఆఖరి అంకంలో ఒంటరిగా నిలబడి అన్నీ ఒప్పుకుని ప్రాణం తీసుకుంటాడు. క్లుప్తంగా కథ ఇంతే. కానీ దళవాయి పాత్రకి ముప్పై నాలుగు పద్యాలు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆ నాటకం ఏడెనిమిదిసార్లు ఆడారు.

ఆడిన ప్రతిసారీ దళవాయి వేషం ప్రెసిడెంటు గారిదే. నిజం నిజంగా చెప్పాలి, పాపిష్టోడికి గొంతు మాత్రం దేవుడు దిట్టంగా ఇచ్చాడు. చదువు అంతంతమాత్రం. పద్యాన్ని కాగితం మీద చూసి నేర్చుకోలేడు. నాన్న పాడి వినిపిస్తే చెవులతో పట్టేసేవాడు. వరండాలో కుర్చీలో అతను, నేల మీద చాప వేసుకుని నాన్న. పాఠం చెప్పేవాడు నేల మీద, నేర్చుకునేవాడు కుర్చీలో! "ఆ రాగం ఎక్కడ విరవాలో చెప్పు పంతులూ" అనేవాడే తప్ప, ఈ మాటకి అర్థమేంటని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. నాన్న చెప్పబోతే, "అర్థాలు జనం చూసుకుంటార్లే, నాకు వన్స్‌మోర్ పడేట్టు చెయ్యి" అనేవాడు.

వన్స్‌మోర్ అంటే ఈ కాలం వాళ్లకి తెలియకపోవచ్చు. పద్య నాటకంలో నటుడు పద్యం బాగా పాడితే జనంలోంచి "వన్స్‌మోర్!" అని కేక పడుతుంది. అంతే, కథ ఎక్కడున్నా అక్కడే ఆగిపోవాలి. చచ్చి పడిపోయినవాడైనా సరే లేచి మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే. పాడనంటే సభని అవమానించినట్టు. ఎన్ని వన్స్‌మోర్‌లు పడితే నటుడికి అంత గొప్ప. మా ప్రెసిడెంటు గారు ఆ గొప్ప కోసం తన పాలేర్లని ముందుగానే జనంలో కూచోబెట్టేవాడు. పద్యం అయిందో లేదో వాళ్లు కేకెయ్యాలి. వాళ్లంతా మా గూడెం వాళ్లే. వాళ్లకి పెద్ద మా అమ్మ తమ్ముడు, నాకు మేనమామ. ఆయన గొంతు కూడా తక్కువది కాదు, చేలో నిలబడి కేకేస్తే ఊళ్లో ఎద్దులు చెవులు రిక్కించేవి.

ఇక తాళం సంగతి. అరవైల మొదట్లో బడి పిల్లలకి మధ్యాహ్నం పాలు పొయ్యమని సర్కారు పాలపొడి పంపేది. పెద్ద పెద్ద అట్ట డ్రమ్ముల్లో వచ్చేది. మా బళ్లో చదివేది సగం గూడెం పిల్లలే. ఇళ్లల్లో పొద్దున జొన్న అంబలి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఆ గ్లాసుడు పాల కోసమే బడికొచ్చే పిల్లలు ఎందరో. ఆ డ్రమ్ములు స్కూలు రెండో గదిలో ఉండేవి. నాటకం తెరలు, కిరీటాల పెట్టెలు కూడా ఆ గదిలోనే పెట్టేవాళ్లు, ఊళ్లో వానకి తడవని గది అదొక్కటే గనక. తాళం చెవి నాన్న మొల్తాడుకి ఉండేది.

ఒక శనివారం ప్రెసిడెంటు గారు కబురు పంపాడు. తెరలు జగ్గయ్యపేట పంపి కొత్త రంగు వేయించాలట, ఒక్కరోజు తాళం ఇమ్మన్నాడట. నాన్న మొల్తాడు విప్పి తాళం చెవి వచ్చినవాడి చేతికి ఇచ్చేశాడు. రాత రాయించుకోలేదు, పక్కన ఇంకో మనిషిని నిలబెట్టుకోలేదు. తన దగ్గర పద్యం నేర్చుకున్న మనిషి కదా! మర్నాడు తాళం తిరిగొచ్చింది. సోమవారం గది తీస్తే తెరలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పాలపొడి డ్రమ్ములు తొమ్మిదీ లేవు.

నాన్న పరిగెత్తుకుంటూ వాళ్లింటికి వెళ్లాడు. "తాళం మీరే కదండీ తీసుకుంది, డ్రమ్ములేమయ్యాయండీ" అని అడిగాడు. అప్పుడతను అరుగు మీద కూచుని పళ్లు తోముకుంటున్నాడట. ఉమ్మేసి, నింపాదిగా అన్నాడట: "తాళమేంటి పంతులూ? నేనెప్పుడడిగాను నిన్ను తాళం?"

అంతే. ఆ వారంలోనే తనిఖీకొచ్చారు. ఎవరు రాశారో అర్జీ రాశారు, మా నాన్న పిల్లల పాలపొడి కోవా చేసేవాళ్లకి అమ్ముకున్నాడని. నాన్నని సస్పెండ్ చేశారు. పై నెలలో విచారణ అన్నారు. తాళం ప్రెసిడెంటు తీసుకున్నాడని చెప్పే సాక్షులు కావాలి. లేకపోతే ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసు కూడా. గూడెం నుంచి మొదటిసారి బల్ల ముందు కుర్చీలో కూచున్న మనిషి, గూడెం పిల్లల పాలు తాగేశాడని జైలుకి పోవాలి! ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు నోరు మెదపలేదు. మెదిపితే చేలో కూలి ఉండదు.

నేను అప్పటికి జగ్గయ్యపేటలో చిన్నపిల్లల బళ్లో టీచరుగా చేరి ఏడాదైంది. అక్కడే ఒక గది తీసుకుని ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికొచ్చేదాన్ని. ఆ శనివారం వచ్చేసరికి అమ్మ పొయ్యి వెలిగించకుండా గోడకి ఆనుకుని కూచుంది. బోరింగు దగ్గర ఎవరో అన్నారట, "మీ ఇంట్లో పాలకేం లోటులే వదినా" అని. నాన్న మాత్రం మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేస్తున్నాడు. ఎవరి కోసం? ప్రెసిడెంటు గారి కోసం! "ఆయన్ని క్షమించు తండ్రీ" అంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు క్షమించడానికి ఆయన నిన్ను క్షమాపణ అడిగాడా నాన్నా?" అన్నా.

"పగ మనది కాదు తల్లీ. దేవుడు చూసుకుంటాడు" అన్నాడు.

"దేవుడు చూసుకునేలోపు నిన్ను జైల్లో పెడతారు" అన్నా.

ఆయన మళ్లీ ప్రార్థనలో పడ్డాడు. నేను ఆ పూట అన్నం తినలేదు. కడుపు నిండా మంట ఉంటే ఇంక అన్నానికి చోటెక్కడ?

ఆ మంట మీద కిరసనాయిలు పోసినట్టు రెండు వారాలు తిరక్కుండానే ఇంకో కబురు. అవి పంచాయతీ సమితులు, ఇప్పటి మండలాల్లాంటివి, కొత్తగా వచ్చిన రోజులు. ఊళ్ల ప్రెసిడెంట్లందరూ కలిసి ఓట్లేసి సమితి ప్రెసిడెంటుని ఎన్నుకోవాలి. సమితి ప్రెసిడెంటంటే చిన్న విషయమా? టీచర్ల బదిలీలు, రోడ్లు, బావులు, ఎరువులు అన్నీ అతని చేతిలో. జీపు కూడా ఇస్తారు. మావాడికి ఆ జీపు మీద కన్ను పడింది. చిల్లకల్లు నుంచి, గరికపాడు నుంచి, ఇంకా నలుదిక్కుల ఊళ్ల నుంచి ప్రెసిడెంట్లందర్నీ పిలిచి, వేటలు కోసి, భోజనాలు పెట్టి, తన నాటకం చూపించాలనుకున్నాడు. వాళ్లు ఆఖరి బస్సుకి తిరిగెళ్లాలి గనక నాటకం రాత్రి కాకుండా మధ్యాహ్నం మూడింటికే మొదలెట్టి పొద్దుగుంకేలోపు ముగించాలన్నాడు. స్కూలు ముందే పందిరి, జగ్గయ్యపేట నుంచి మైకు సెట్టు, నందిగామ నుంచి హార్మోనిస్టు.

ఏ నాటకం అనుకున్నారు? మా నాన్న నాటకమే! నాన్న రాత ప్రతి కావాలి, ఎందుకంటే వేరే ప్రతి లేదు. నాన్న కూడా కావాలి. పద్యం మధ్యలో మర్చిపోతే తెర పక్కన నిలబడి అందించేవాడు లేకపోతే అతను ఒక్క అంకం దాటలేడు. పాలేరు చేత కబురు పంపాడు: "జరిగిందేదో జరిగింది, పంతుల్ని రమ్మను. విచారణలో నేను ఒక మాట చెప్తాలే. కానీ జనంలోకి రావద్దను, తెర వెనకే ఉండి, తెర వెనకనుంచే పొమ్మను."

దొంగని చేసింది తనే, ఇప్పుడు మాట సాయం చేసేది తనే. కళ్లు నెత్తికెక్కితే మాత్రం మనిషి ఇంతదాకా వస్తాడా! నాన్న ఏమన్నాడో తెలుసా? "సరేనని చెప్పు" అన్నాడు. నేను ఆయన మొహం మీదే తలుపేసి పెరట్లోకి వెళ్లిపోయాను.

రాత ప్రతి బాగా చివికిపోయింది. అందించేటప్పుడు చినిగిపోతుందని, దాన్ని మంచి కాగితాల మీద ఎత్తి రాసిపెట్టమన్నాడు నాన్న. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆయనకి గర్వం. తిట్టుకుంటూనే ఆదివారం కూచుని రాశాను. చిన్నప్పటినుంచీ చెవిన పడుతున్న పద్యాలే. రాగాలే గుర్తున్నాయి గానీ, మాటలు నేనూ ఎప్పుడూ పట్టించుకోలేదు. అలా రాస్తూ రాస్తూ ఆఖరి అంకానికొచ్చాను. రాజ్యంలో కరువొచ్చినప్పుడు ఆ దళవాయి ఏం చేస్తాడంటే, గాదెలకి కాపలా ఉండే ముసలాయన దగ్గర నమ్మకంగా తాళం అడిగి తీసుకుంటాడు. గింజలు అమ్ముకుంటాడు. ముసలాయన్ని దొంగని చేసి శిక్ష వేయిస్తాడు. చివర్లో ఒప్పుకునేటప్పుడు పాడే పద్యం ఇది:

నమ్మి తాళమ్ము చేతికి నాకొసంగె,
గద్దె మోజున ధర్మము కాలదన్ని
పేదబిడ్డల గింజలు బేరమాడి
దొంగ వీడని చాటితి, దోషి నేనె!

నా చెయ్యి ఆగిపోయింది. మూడుసార్లు చదివాను. నాన్న ఈ పద్యం రాసినప్పుడు నేను పలకమీద అక్షరాలు దిద్దుకుంటున్నాను. అప్పటికి పాలపొడీ లేదు, డ్రమ్ములూ లేవు. అంటే ఈ మనిషి ఏడెనిమిది ఊళ్లలో ఈ వేషం కట్టి, ఈ పద్యం పాడి, వన్స్‌మోర్‌లు కొట్టించుకుని, అందులో ఉన్న పనినే తీరిగ్గా నేర్చుకుని మా నాన్న మీద ప్రయోగించాడన్నమాట! మళ్లీ అదే పద్యాన్ని నలుగురి ముందూ పాడి ఓట్లు అడగబోతున్నాడు. తను పాడేది తన గురించేనన్న ధ్యాస కూడా లేదు.

కాగితం తీసుకెళ్లి నాన్న ముందు పెట్టా. "ఇది చూశావా?" అన్నా.

ఆయన చూడలేదు. "మొదటిరోజే తెలుసమ్మా" అన్నాడు. "నేను రాసిందే నాకు చేశాడు."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"నాటకంలో ఉందని చెప్తే సాక్ష్యమవుతుందా, పిచ్చితల్లీ?" అని పక్కకి తిరిగి పడుకున్నాడు.

నేను పడుకోలేదు. చెప్పులేసుకుని సరాసరి మేనమామ పాకకి వెళ్లాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కళ్లల్లోకి చూడలేకపోయాడు. అప్పుడే నాకర్థమైంది. "మావయ్యా, ఆ బండి తోలింది నువ్వేనా?" అని అడిగా.

ఆయన కూలబడిపోయాడు. "తెర పెట్టెలన్నాడమ్మాయ్. గోతాలు కప్పారు. పేటలో దింపేదాకా నాకు తెలీదు. తెలిశాక నోరు నొక్కేశాడు. అయిదుగురు పిల్లల్తో ఉన్నా. సాక్ష్యం చెప్పలేనమ్మాయ్, నన్ను చంపినా చెప్పలేను."

తిడదామనే వెళ్లాను. తిట్టాను కూడా. సొంత బావని దొంగంటుంటే పాలేరుతనం చేసుకుంటున్నావే అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన అన్నీ పడ్డాడు. పడ్డాక అన్నాడు, "సాక్ష్యం నావల్ల కాదు. అరవమంటే అరుస్తా. అరవడానికేగా నన్ను పెట్టింది."

ఆ మాటతో నాకు దారి దొరికింది. ఆఖరి అంకంలో గింజల పద్యానికి వన్స్‌మోర్ కొట్టమన్నాను. కొట్టి ఊరుకోవద్దన్నాను. మళ్లీ కొట్టాలి. మళ్లీ.

"ఎన్నిసార్లు?" అన్నాడు.

"ఆయనకి అర్థమయ్యేదాకా" అన్నా.

గూడెంలో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకి ఆ పద్యం చదివి వినిపించాను. విడమరిచి చెప్పాల్సిన పనే లేకపోయింది. పాలు ఆగిపోయిన పిల్లల తల్లులు వాళ్లు. ఒకావిడ విని, "అమ్మ నీ తస్సాదియ్యా, అచ్చం ఆయన చేసిన పనే కదే ఇది!" అని బుగ్గలు నొక్కుకుంది. ఇంకొకావిడ కొంగు బిగించింది.

నాటకం రోజు పందిరి కిటకిటలాడింది. ముందు వరసలో కుర్చీల్లో ఊళ్ల ప్రెసిడెంట్లు, ముప్పై నలభై మంది, వేట మాంసం తిని తాంబూలాలు నములుతూ కూచున్నారు. వెనక ఊరివాళ్లు, ఆ వెనక ఎండలో మేము. నాన్న పొద్దున్నే వెళ్లి తెర పక్కన చేరిపోయాడు. ఆయన మొహం ఎవరికీ కనపడకుండా అక్కడొక గోనె కట్టారు. అది చూసి నా పళ్లు పటపటా కొరుక్కున్నాను.

దళవాయి వేషంలో అతను దిగాడు. మఖ్మలు కోటు, బంగారు కాగితం కిరీటం, చేతిలో కత్తి. మొదటి అంకంలో రాజుని చంపాడు, వన్స్‌మోర్ పడింది. సింహాసనం ఎక్కాడు, వన్స్‌మోర్ పడింది. ముందు వరసలోవాళ్లు "భలే గొంతయ్యా" అనుకుంటున్నారు. మామయ్య భయపడి వెనక్కి తగ్గితే? ఆడవాళ్లు నోరు తెరవకపోతే? పై సోమవారమే విచారణ.

ఆఖరి అంకం. సింహాసనం పక్కన నిలబడి, చెయ్యి గుండె మీద వేసుకుని, అతను ఆ పద్యం ఎత్తుకున్నాడు. నిజంగానే బ్రహ్మాండంగా పాడాడు. 'దోషి నేనె' అన్న దగ్గర రాగం తీసి తీసి వదిలాడు. "వన్స్‌మోర్!" అని మామయ్య కేక. అతను చిరునవ్వు నవ్వి, మీసం సవరించుకుని, మళ్లీ పాడాడు. "వన్స్‌మోర్!" ఈసారి పాలేర్లందరూ. మళ్లీ పాడాడు, ఇంకా సాగదీసి. ముందు వరసవైపు చూసి తల ఎగరేశాడు, చూశారా నా సంగతి అన్నట్టు. "వన్స్‌మోర్!" ఈసారి మా ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకావిడ గట్టిగా అంది, "తాళం మాట సరిగ్గా వినపళ్లేదండీ, ఇంకోసారి!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు వరసదాకా పాకింది. మా ఊరి గొడవ ఆ నలభై మందిలో విననివాడు లేడు. చిల్లకల్లు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. పక్కవాడు తల తిప్పి బడి వైపు చూశాడు.

రాత్రి నాటకమైతే దీపాల వెలుగు కళ్లల్లో కొట్టి నటుడికి జనం కనపడరు. కానీ అప్పటికింకా పొద్దు గుంకలేదు. ప్రతి మొహమూ కనపడుతోంది అతనికి. నాలుగోసారి 'నమ్మి తాళమ్ము' అని ఎత్తుకుని, మా అందరి మొహాలూ చూస్తూ 'పేదబిడ్డల' దాకా వచ్చాడు. అక్కడ తగులుకుంది అతనికి. కళ్లెదుట చూశాను నేను. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది, మాట రాలేదు. చెమటకి మొహాన రంగు చారలు కట్టింది. ఎన్నేళ్లు పాడాడో ఆ పద్యం, అర్థం తెలియడానికి మూడు వన్స్‌మోర్‌లు పట్టాయి!

చాలన్నట్టు చెయ్యి ఊపి లోపలికి పోబోయాడు. అప్పుడు ముందు వరసలోంచి ఆ చిల్లకల్లు వైపు పెద్దాయన లేచాడు. "అదేంటండీ ప్రెసిడెంటు గారూ, సభ అడిగితే పాడకుండా పోవడం ఎక్కడన్నా ఉందా? కానివ్వండి, మేమూ అడుగుతున్నాం. వన్స్‌మోర్!" అన్నాడు. పోటీకి నిలబడ్డ మనిషి ఇంకొకడు ఉండే ఉంటాడు అతని మనసులో, అది నాకనవసరం. అన్నాడు, అంతే చాలు.

పాడక తప్పలేదు. గొంతు పీలగా వచ్చింది. 'దొంగ వీడని' అనాల్సిన దగ్గర ఆగిపోయి, అలవాటు కొద్దీ తెర పక్కకి చూశాడు.

గోనె వెనకనుంచి నాన్న అందించాడు. అందించడమంటే గుసగుసగా, నటుడికి మాత్రమే వినపడేట్టు చెప్పాలి. అది పద్ధతి. నాన్న గుసగుసలాడలేదు. బళ్లో ఎక్కాలు చెప్పించేటంత గట్టిగా అన్నాడు, "దొంగ వీడని చాటితి, దోషి నేనె!" పందిరి మొత్తం విన్నది. అతను పలకలేదు. నాన్న మళ్లీ అన్నాడు. పలకలేదు. మూడోసారి అన్నాడు.

అప్పుడు తెగింది. కిరీటం తీసి నేలకేసి కొట్టాడు. "ఏంట్రా మీ గోల! అవును, తాళం నేనే తీసుకున్నా! డ్రమ్ములు నేనే తోలించా! అయితే ఏంటంట? ఆ గ్లాసుడు పాలు లేకపోతే చచ్చారా మీ పిల్లలు? ఈ ఊళ్లో నన్నడిగే మగాడెవడ్రా?"

మైకు సెట్టు బాగా పనిచేసింది. చేలల్లో ఉన్నవాళ్లకి కూడా వినపడిందట. హార్మోనిస్టు మెట్ల మీద వేళ్లు తియ్యడం మర్చిపోయి అలాగే ఉండిపోయాడు. ముందు వరసలోవాళ్లు ఒక్కొక్కళ్లే లేచి, కండువాలు దులుపుకుని, బస్సుకి టైమైందంటూ కదిలారు. వేటలు కోసి పిలిచినందుకు ఒక్కడు కూడా వెళ్లొస్తానని చెప్పలేదు.

విచారణలో చిల్లకల్లు పెద్దాయన, ఇంకో నలుగురు ఊళ్ల ప్రెసిడెంట్లు వచ్చి విన్నది విన్నట్టు చెప్పారు. నాన్నని మళ్లీ బళ్లోకి తీసుకున్నారు. అతనికి సమితిలో వచ్చినవి మూడో నాలుగో ఓట్లు. జైలుకేం పోలేదు, అలాంటివాళ్లు పోరు. అది ఇప్పటికీ నా కడుపులో ఉంది. కానీ ఆ తర్వాత ఏ ఊళ్లోనూ ఎవరూ అతన్ని స్టేజీ ఎక్కనివ్వలేదు. ఎక్కడన్నా పెళ్లిలో గొంతు సవరించుకుంటే చాలు, వెనకనుంచి ఎవడో సన్నగా "వన్స్‌మోర్" అనేవాడు, అతను నోరు మూసుకునేవాడు. ఆ గొంతు అలాగే లోపల పడి కుళ్లిందని తల్చుకుంటే నాకు ఇప్పటికీ హాయిగా ఉంటుంది. మామయ్యని మాత్రం ఆ సాయంత్రమే పనిలోంచి గెంటేశారు. జగ్గయ్యపేట పోయి మూటలు మోసి పిల్లల్ని పెంచాడు. నా పగకి ఆయన కూలి పోయింది. ఆ మాట ఆయన నన్ను ఒక్కరోజూ అనలేదు, నేనే అనుకుంటూ ఉంటాను.

ఆ సాయంత్రం జనం చెదిరిపోయాక నేను తెర వెనక్కి వెళ్లాను. నాన్న నేను రాసిన కాగితాలు పేర్చుకుంటున్నాడు. ఇద్దరం గూడెం వైపు నడిచాం. గోనె చాటునుంచి పొమ్మన్న మనిషి ఊరి నడివీధిలోంచి నడిచాడు. అరుగుల మీదవాళ్లు చూస్తూ ఉండిపోయారు.

చాలా దూరం వచ్చాక అడిగాడు, "అన్నిసార్లు అరిపించింది నువ్వేనా?"

"నేనే. తిట్టుకుంటావా?" అన్నా.

ఆయన నడుస్తూనే ఉన్నాడు. నేనే మళ్లీ అన్నా, "నువ్వు ఆయన్ని క్షమించావు కదా నాన్నా. మరి అంత గట్టిగా ఎందుకందించావు?"

ఆగాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "క్షమించలేదమ్మా" అన్నాడు. "భయపడ్డా. ఇన్నాళ్లూ భయపడి, దానికి క్షమించడమని పేరు పెట్టుకున్నా. ప్రార్థనలో కూడా అబద్ధమే చెప్పా."

ఇంకేం మాట్లాడతాడో అని నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరిగి పందిరి వైపు చూశాడు.

"ఆ కిరీటం తీసి మళ్లీ వాడి నెత్తిన పెట్టి, ఇంకొక్కసారి పాడించాల్సింది వాడి చేత" అన్నాడు.

నా పాతికేళ్లలో మా నాన్న ఆ మనిషిని 'ఆయన' అనడమే విన్నాను. నాన్న చెయ్యి పట్టుకున్నాను, ఇద్దరం ఇంటికెళ్లి అమ్మకి జరిగిందంతా మొదటినుంచి చెప్పాం.